గన్నవరం – వైజాగ్ విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ (గన్నవరం) నుంచి వైజాగ్‌కి ఫ్లైట్ అనగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎంత దూరం, ఎంతసేపు, రైలు కంటే నయమా, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా? వాటిని ప్రయాణంలోని దశల వారీగా కింద ఒకచోట పెట్టాను. ఏ జవాబుకా జవాబు విడిగా ఉంటుంది, మీకు కావలసింది మాత్రమే చదువుకోవచ్చు. టికెట్ ధరలు, బయలుదేరే టైములు రోజూ మారేవి కాబట్టి వాటి జోలికి పోలేదు.

## దూరం లెక్క

గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి అసలు దూరం ఎంత?

గాల్లో సూటిగా కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. మైళ్లలో అయితే 180, పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 156 చిల్లర. రోడ్డు మీద ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి 320 నుంచి 330 కిలోమీటర్లు వస్తుంది. గోదావరిని ఎక్కడ దాటారన్న దాన్నిబట్టి అది ఇంకా పెరగవచ్చు.

ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో నంబర్ ఉంది. ఏది నమ్మాలి?

చాలావరకు అన్నీ నిజమే, కొలిచిన చోట్లు వేరు. 290 అని ఉంటే విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి సూటి దూరం. 310 పైచిలుకు ఉంటే ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి సూటి దూరం. 350 అంటే విజయవాడ జంక్షన్ నుంచి విశాఖపట్నం స్టేషన్‌కి రైలు దూరం, రోడ్డు దూరమూ దాదాపు అంతే. 156 అని కనిపిస్తే అది నాటికల్ మైళ్లు, కిలోమీటర్లనుకుని సంబరపడకండి.

విమానాశ్రయాల మధ్య దూరం ఊళ్ల మధ్య దూరం కంటే తగ్గడానికి కారణం ఉంది. గన్నవరం విజయవాడకి ఏలూరు వైపు ఇరవై కిలోమీటర్లు ముందుకి ఉంటుంది. వైజాగ్ ఎయిర్‌పోర్టు ఊళ్లోకి వెళ్లక ముందే, గాజువాక దాటాక ఎన్ఏడీ జంక్షన్‌కి ఇవతలే తగులుతుంది. అంటే రెండు విమానాశ్రయాలూ ఒకదానికొకటి ఎదురొచ్చినట్టు ఉన్నాయి.

విమానం సూటి గీత మీదే వెళ్తుందా?

దాదాపు. బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు రన్‌వే దిశకి తగ్గట్టు తిరగాలి కాబట్టి నిజంగా ఎగిరే దూరం 290 కంటే కొంత ఎక్కువే. మ్యాప్ మీద ఈ రెండు విమానాశ్రయాలనీ కలుపుతూ గీత గీస్తే రాజమండ్రి విమానాశ్రయం సరిగ్గా ఆ గీత మీదే పడుతుంది: గన్నవరం నుంచి మధురపూడికి (రాజమండ్రి విమానాశ్రయం ఉన్న చోటు) 126 కిలోమీటర్లు, అక్కడి నుంచి వైజాగ్‌కి 164. కలిపితే మళ్లీ 290.

కోడ్‌లు ఏమిటి? బుకింగ్‌లో ఊరి పేరు కొడితే ఏవేవో వస్తున్నాయి.

విజయవాడకి వీజీఏ, వైజాగ్‌కి వీటీజెడ్. విజయవాడ టికెట్ మీద గన్నవరం పేరు ఉండకపోవచ్చు, కంగారు పడకండి. వాణిజ్య విమానాలు దిగేది అక్కడ ఒక్కచోటే.

## టికెట్ కొనేముందు

ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుంది? కొన్ని సైట్లు 25 నిమిషాలు అంటున్నాయి, టికెట్ మీద గంట పైన ఉంది.

టికెట్ మీద ఉన్నదే మీకు కావలసింది. షెడ్యూల్‌లో ఈ ప్రయాణానికి మామూలుగా గంట నుంచి గంటా పావు దాకా రాస్తారు. 25 నిమిషాలు అని చెప్పే సైట్లు దూరాన్ని జెట్ విమానం పూర్తి వేగంతో భాగించి ఊరుకుంటాయి. 290 కిలోమీటర్ల ప్రయాణంలో జెట్ ఆ వేగాన్ని అందుకుని నిలబెట్టుకునే సమయం చాలా తక్కువ, ఎక్కడం అవ్వగానే దిగడం మొదలవుతుంది.

టికెట్ మీది సమయం విమానం బే (విమానాన్ని నిలిపే చోటు) నుంచి కదిలినప్పటి నుంచి అవతలి బేలో ఆగేదాకా లెక్క. విడదీసి చూస్తే ఇలా ఉంటుంది. వెనక్కి నెట్టి, ఇంజన్లు వేసి, రన్‌వే చివరికి చేరడానికి పది నిమిషాలు. గాల్లో ఏటీఆర్ (ప్రొపెల్లర్లున్న చిన్న విమానం) అయితే 40–45 నిమిషాలు, ఎయిర్‌బస్ లాంటి జెట్ అయితే 35–40. దిగాక బేకి చేరడానికి ఐదు నిమిషాలు. మిగిలింది ఎయిర్‌లైన్ చేతిలో ఉంచుకునే అదనం. అందుకే పది నిమిషాలు లేటుగా కదిలిన విమానం కూడా ఒక్కోసారి టైముకే దిగుతుంది.

ఫ్యాన్ల విమానం అయితే లేటు అవుతుందా? భయపడాలా?

ఏటీఆర్ 72 గురించే కదా. అది గంటకి సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, జెట్ 800 పైన. కాగితం మీద తేడా పెద్దదే. కానీ ఇంత చిన్న దూరంలో గాల్లో తేడా ఐదు నుంచి పది నిమిషాలు, అంతే. దాని కోసం టికెట్‌కి ఎక్కువ పెట్టడం దండగ. ఏటీఆర్‌లో తిరిగే ప్రొపెల్లర్ వెనుక ఉన్నదీ గ్యాస్ టర్బైన్ ఇంజనే. పొట్టి దూరాల్లో ఇంధనం తక్కువ తాగుతుంది కాబట్టి ఇలాంటి రూట్లలో వాడతారు. చప్పుడు, అదురు జెట్‌లో కంటే కాస్త ఎక్కువ, ముఖ్యంగా ప్రొపెల్లర్ పక్క వరసల్లో. వెనక సీట్లు కాస్త నయం, ఎక్కే తలుపు కూడా వెనకే ఉంటుంది కాబట్టి ముందుగా దిగేదీ వాళ్లే.

డైరెక్ట్ ఫ్లైట్ చూపించడం లేదు. హైదరాబాద్ మీదుగా వెళ్లడం దండగేనా?

చాలామందికి దండగే. గన్నవరం నుంచి శంషాబాద్ సుమారు 264 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి వైజాగ్ 510 చిల్లర. 290 కోసం 775 ఎగురుతారు. మధ్యలో ఆగే సమయం కలిపితే విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికే నాలుగు గంటల నుంచి ఏడు గంటలు. ఆ టైములో రైలు మిమ్మల్ని వైజాగ్‌లో దించి ఉంటుంది. బెంగళూరు, చెన్నై మీదుగా చూపించేవి ఇంకా ఘోరం.

ఈ డైరెక్ట్ సర్వీసు గతంలో చాలాసార్లు మొదలై ఆగింది. ఎయిర్‌లైన్లు షెడ్యూల్‌ని ఏటా రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుస్తాయి. మీ ప్రయాణం ఆ తేదీలకి అవతల ఉంటే, ఇవాళ కనిపించే టైములు అప్పటికి ఉంటాయని అనుకోకండి.

పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి తిరిగి రావచ్చా?

వెళ్లేటప్పుడు ఫ్లైట్, వచ్చేటప్పుడు రైలు (లేదా తిరగేసి) పెట్టుకుంటే ఎక్కువసార్లు కుదురుతుంది. రెండు వైపులా ఫ్లైటే కావాలంటే ఆ రోజు షెడ్యూల్‌లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉండాలి, అది ప్రతి సీజన్‌లో దొరకదు. కోర్టు వాయిదా, ఇంటర్వ్యూ, పరీక్ష లాంటి తప్పించుకోలేని పని ఉంటే ముందు రోజు రాత్రే చేరడం మంచిది. ఒక్క ఫ్లైట్ రద్దయితే ఆ రోజుకి ఇంకో డైరెక్ట్ ఫ్లైట్ ఉండకపోవచ్చు.

నిజంగా చెప్పండి, వందే భారత్ కంటే ఫ్లైట్ ఎంత ముందు చేరుస్తుంది?

ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే గంట, మహా అయితే గంటన్నర. ఒక ఉదాహరణ. మొగల్రాజపురంలో బయలుదేరి వైజాగ్ ఎంవీపీ కాలనీకి వెళ్లాలి. ఫ్లైట్ అయితే గన్నవరానికి 45 నిమిషాలు, అక్కడ గంటన్నర ముందు ఉండాలి, ఫ్లైట్ గంటా పది, బ్యాగు వచ్చి బయటపడేసరికి 20 నిమిషాలు, ఎన్ఏడీ ట్రాఫిక్ దాటి ఎంవీపీ చేరడానికి 40. మొత్తం నాలుగు గంటల పాతిక నిమిషాలు. వందే భారత్ అయితే స్టేషన్‌కి 20 నిమిషాలు, అరగంట ముందు ఉండటం, రైల్లో నాలుగు నుంచి నాలుగున్నర గంటలు, స్టేషన్ నుంచి ఎంవీపీకి 20 నిమిషాలు. ఐదున్నర గంటల దగ్గర తేలుతుంది.

కాబట్టి మీ ఇళ్లు ఎక్కడున్నాయన్నదే అసలు విషయం. హనుమాన్ జంక్షన్, గుడివాడ, నూజివీడు వైపు వాళ్లకి గన్నవరం దగ్గర. అవతల గాజువాక, షీలానగర్, గోపాలపట్నం వెళ్లేవాళ్లకి వైజాగ్ ఎయిర్‌పోర్టు గుమ్మం ముందే. ఈ రెండూ కలిస్తే ఫ్లైట్‌లో రెండు గంటల దాకా మిగులుతుంది. అదే మంగళగిరి నుంచి బీచ్ రోడ్డుకి వెళ్లాలంటే రెండు ఊళ్లూ అడ్డంగా దాటాలి, మిగిలేది అరగంట కూడా ఉండకపోవచ్చు. అప్పుడు ఫ్లైట్‌కి డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

మాది ఏలూరు. విజయవాడ వెళ్లి ఎక్కాలా, రాజమండ్రి వెళ్లాలా?

వైజాగ్‌కే అయితే రెండూ వద్దు, ఏలూరులోనే రైలెక్కండి. ఢిల్లీ, ముంబై లాంటి దూరాలకైతే గన్నవరమే దగ్గర. సుమారు 40 కిలోమీటర్లు, హైవే మీదే ఉంటుంది, విజయవాడ ట్రాఫిక్‌లోకి దిగనక్కర్లేదు.

## ఇంటి నుంచి గేటు దాకా

గన్నవరంలో ఎంత ముందుగా ఉండాలి? చిన్న ఎయిర్‌పోర్టే కదా.

బ్యాగు వేసేది ఉంటే గంటన్నర ముందు, పండగ రోజుల్లో రెండు గంటలు. దేశీయ విమానాలకి చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. ఎయిర్‌లైన్‌ని బట్టి కొంచెం మారుతుంది, టికెట్ మీద చూడండి. ఎయిర్‌పోర్టు చిన్నదే, కానీ మూడు నాలుగు విమానాలు ఒకే గంటలో ఉన్నప్పుడు సెక్యూరిటీ దగ్గర లైను తలుపు దాకా వస్తుంది. చేతి సామాను మాత్రమే ఉండి, వెబ్ చెక్-ఇన్ అయిపోతే గంట చాలు. రెండు చోట్లా డిజి యాత్ర (ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే ఏర్పాటు) ఉంది. గన్నవరంలో 2023లో, వైజాగ్‌లో 2024లో మొదలైంది. గేటు దగ్గర లైను తగ్గుతుంది, సెక్యూరిటీ తనిఖీ లైను మాత్రం అందరితో పాటే.

విజయవాడ ఊళ్లోంచి గన్నవరానికి ఎంతసేపు?

బెంజ్ సర్కిల్ నుంచి మామూలు వేళల్లో 40 నిమిషాలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య గంట పెట్టుకోండి. రామవరప్పాడు రింగ్ దాటడమే కష్టం, అది దాటాక నిడమానూరు మీదుగా హైవే సాఫీగా ఉంటుంది. భవానీపురం, గొల్లపూడి వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకో 20 నిమిషాలు కలుపుకోండి. అమరావతిలో సచివాలయం, హైకోర్టు వైపు నుంచి అయితే కృష్ణ దాటి రావాలి, గంటకు తక్కువ అనుకోవద్దు, గంటన్నర క్షేమం.

క్యాబ్ దొరక్కపోతే బస్సు ఉందా?

ఉంది. విమానాశ్రయం జాతీయ రహదారి పక్కనే ఉంది కాబట్టి గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు వైపు వెళ్లే బస్సులు ఆ దారినే పోతాయి. హైవే మీద దిగి టెర్మినల్ దాకా నడవాలి. పెద్ద సూట్‌కేసులతో, ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు.

ఆవకాయ తీసుకెళ్లనిస్తారా?

చెక్-ఇన్ బ్యాగులో వేస్తే ఏ గొడవా లేదు. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేయమనే అవకాశం ఎక్కువ, నూనె, కారం రెండూ వాళ్లకి అభ్యంతరమే. మూత మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద టేపు, మొత్తాన్ని ఇంకో కవరులో పెట్టి బట్టల మధ్య సర్దండి. బ్యాగులో నూనె కారితే చొక్కాలు పోతాయి. ఎండు కొబ్బరిని చెక్-ఇన్ బ్యాగులో ఒప్పుకోరు, దానికి మంటంటుకునే గుణం ఉంది. పూతరేకులు, కాజాలు ఎందులో పెట్టుకున్నా అడగరు. పవర్ బ్యాంక్ మాత్రం తప్పనిసరిగా చేతి సంచిలోనే.

నడవలేని పెద్దవాళ్లు ఉన్నారు. ఏటీఆర్ అయితే ఇబ్బందా?

ఏటీఆర్‌కి ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే వంతెన) తగిలించరు, నేల మీంచి మెట్లెక్కాలి. మెట్లు కొన్నే, కానీ నిటారుగా ఉంటాయి. వీల్‌చైర్ కావాలని కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పండి, మెట్లు ఎక్కలేరని కూడా ప్రత్యేకంగా చెప్పండి. ‘వీల్‌చైర్’ అని మాత్రమే రాస్తే విమానం దాకా తెచ్చి మెట్ల దగ్గర ఆపే ప్రమాదం ఉంది.

## గాల్లో

కిటికీ సీటు ఏ వైపు తీసుకోవాలి?

వైజాగ్ వెళ్లేటప్పుడు కుడి వైపు. గన్నవరంలో లేచిన కాసేపటికే కుడి పక్కన కొల్లేరు కనిపిస్తుంది. వానలు బాగా పడ్డ ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో చూస్తే చేపల చెరువుల చదరాలు, అసలు సరస్సు కలిసిపోయి, ఎక్కడ ఏది ఆగిందో తెలియదు. తర్వాత గోదావరి. ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద నది పాయలుగా విడిపోవడం కుడి వైపు వాళ్లకే. ఆ పచ్చదనం అయ్యాక కాకినాడ వైపు సముద్రపు అంచు మొదలవుతుంది. ఎడమ వైపు కూర్చుంటే పోలవరం, పాపికొండలు, తూర్పు కనుమల వరసలు. తిరిగి వచ్చేటప్పుడు ఇదంతా ఎడమకి మారుతుంది.

ఏటీఆర్‌లో రెక్క కిటికీల పైన ఉంటుంది కాబట్టి కిందికి చూపు అడ్డు పడదు. పైగా అది తక్కువ ఎత్తులో వెళ్తుంది. ఇలాంటి రూట్‌లో జెట్ కంటే ఏటీఆరే ఇష్టపడటానికి నాకు ఇదొక్కటే కారణం.

వైజాగ్ దగ్గరికి వచ్చి సముద్రం మీదికి వెళ్లి మళ్లీ వెనక్కి తిరుగుతుందేం? ఏమైనా సమస్యా?

కాదు. వైజాగ్ రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి పడమటి నుంచి వీస్తుంటే, పడమటి వైపు నుంచి వచ్చిన మీ విమానం విమానాశ్రయాన్ని దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ తిరిగి, పోర్టు వైపు నుంచి దిగాలి. దీనికి అదనంగా కొన్ని నిమిషాలు పడుతుంది. గాలి తూర్పు నుంచి ఉంటే నేరుగా దిగిపోతుంది. ఒకే ఫ్లైట్ ఒక రోజు టైముకంటే ముందే దిగి, మర్నాడు సరిగ్గా టైముకి దిగడానికి ఇదీ ఒక కారణం.

వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే సమయం పడుతుందా?

కొన్ని నిమిషాల తేడా ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచి కాబట్టి వైజాగ్ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురవుతుంది. నెమ్మదిగా వెళ్లే ఏటీఆర్ మీద ఈ ప్రభావం ఎక్కువ.

ఫోటోలు తీసుకోవచ్చా?

గాల్లో ఉన్నంతసేపూ తీసుకోండి. వైజాగ్‌లో నేల మీద ఉన్నప్పుడు, దిగేటప్పుడు, లేచేటప్పుడు వద్దు. అది నౌకాదళం విమాన స్థావరం, ఐఎన్ఎస్ డేగా. పౌర విమానాలకి అందులో ఒక పక్క చోటు ఇచ్చారు. రన్‌వే మీద కనిపించే నేవీ విమానాలని ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టడం చట్టం ప్రకారం తప్పు. సిబ్బంది కిటికీ తెర దించమంటే దించేయండి.

## దిగాక

వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎంత దూరం?

ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా పన్నెండు కిలోమీటర్ల లోపే, అరగంట పడుతుంది. సాయంత్రాలు ఎన్ఏడీ, కంచరపాలెం దాటేసరికి ముప్పావు గంట. గాజువాక పది పదిహేను నిమిషాలు. రుషికొండ, మధురవాడ ఐటీ సెజ్ వైపు అయితే 45 నిమిషాల నుంచి గంట. క్యాబ్‌కి ఎక్కువ అడుగుతుంటే హైవే మీదికి నడిచి రండి, గాజువాక, ఎన్ఏడీ మధ్య తిరిగే సిటీ బస్సులు, ఆటోలు ఆగుతాయి.

వైజాగ్‌లో దిగి వెంటనే విదేశీ విమానం పట్టుకోవాలి. ఎంత గ్యాప్ ఉండాలి?

రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే ఎయిర్‌లైన్ ఇచ్చిన గ్యాప్ చాలు, మొదటిది లేటయితే బాధ్యత వాళ్లది. వేర్వేరు టికెట్లు అయితే మీది. అప్పుడు కనీసం ఐదు గంటలు పెట్టుకోండి: విదేశీ విమానానికి మూడు గంటల ముందు ఉండమంటారు, మిగతా రెండు గంటలు మొదటి ఫ్లైట్ ఆలస్యానికి. బ్యాగు తీసుకుని బయటికి వచ్చి మళ్లీ చెక్-ఇన్ చేయాలని మరిచిపోకండి.

## ఆలస్యం, రద్దు

ఏ నెలల్లో లేట్లు ఎక్కువ?

డిసెంబరు, జనవరి పొద్దుటి పూట గన్నవరంలో మంచు. చుట్టూ పొలాలు, కాలవలు ఉండటంతో తెల్లవారుజామున పట్టిన మంచు ఎండెక్కేదాకా కదలదు. వచ్చిన విమానాలు గాల్లో చక్కర్లు కొట్టి హైదరాబాద్ వెళ్లిపోయిన రోజులున్నాయి. ఆ నెలల్లో తొమ్మిది తర్వాత బయలుదేరే ఫ్లైట్ ఉంటే అదే తీసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల టెన్షన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్ టెర్మినల్ పైకప్పు, అద్దాలు దెబ్బతిని కొద్దిరోజులు విమానాలే ఆగిపోయాయి. అంత పెద్దవి అరుదు. కానీ అల్పపీడనం అన్న వార్త రాగానే ఆ రెండు మూడు రోజుల టికెట్‌ని రైలుకి మార్చుకునే ఏర్పాటు చూసుకోవడం మంచిది. మే నెలలో సాయంత్రపు ఉరుముల వానలకి అరగంట, గంట ఆలస్యాలు మామూలే.

వీటికి తోడు వైజాగ్‌లో నేవీ విమానాలకి, రన్‌వే మరమ్మతులకి కేటాయించే సమయాలు ఉంటాయి. వాటిని ముందే ప్రకటిస్తారు, షెడ్యూళ్లు దానికి తగ్గట్టే మారతాయి.

ఫ్లైట్ రద్దయితే డబ్బు వస్తుందా?

టికెట్ డబ్బు వాపసు గానీ, ఇంకో ఫ్లైట్ గానీ ఇవ్వాలి, ఏది కావాలన్నది మీ ఇష్టం. దాని మీద పరిహారం అనేది వేరే సంగతి. ముందుగా చెప్పకుండా, తమ చేతిలో ఉన్న కారణంతో రద్దు చేస్తేనే వస్తుంది. మంచు, తుఫాను, భద్రతా కారణాలకి రాదు.

డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలో ఒక చిన్న మెలిక ఈ రూట్‌కి సరిగ్గా తగులుతుంది. పరిహారం షెడ్యూల్ సమయాన్ని బట్టి ఉంటుంది. గంట దాకా ఉండే ప్రయాణానికి గరిష్ఠం రూ.5,000, గంట దాటి రెండు గంటల లోపైతే రూ.7,500. టికెట్ మీద సరిగ్గా గంట అని ఉంటే మొదటి తరగతి, గంటా పది అని ఉంటే రెండోది. అయితే ఈ మొత్తం ఒకవైపు, మూల చార్జీ ఇంధన చార్జీ కలిపింది ఇంకోవైపు పెట్టి, ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఇంత చిన్న దూరం టికెట్‌లో చార్జీయే తక్కువ ఉంటుంది కాబట్టి చేతికి వచ్చేదీ తక్కువే. ఆలస్యం రెండు గంటలు దాటితే ఏదో ఒకటి తినడానికి పెట్టాలి, అడగండి. ఆరు గంటలు దాటేట్టు ఉంటే వాపసు లేదా వేరే ఫ్లైట్ అడిగే హక్కు ఉంది.

గన్నవరం వెళ్లాక రద్దు అన్నారు. ఇప్పుడు వైజాగ్ ఎలా?

ముందు వాపసుకి అడిగినట్టు మెసేజ్ గానీ, కౌంటర్‌లో రాతపూర్వకంగా గానీ ఆధారం తీసుకోండి. తర్వాత టైము చూడండి. మధ్యాహ్నం లోపైతే విజయవాడ జంక్షన్‌కి వెనక్కి వెళ్లి దొరికిన రైలు ఎక్కడం మేలు. విజయవాడ మీదుగా వైజాగ్‌కి రోజంతా రైళ్లు ఉన్నాయి. గన్నవరంలోనూ రైల్వే స్టేషన్ ఉంది గానీ పెద్ద రైళ్లు అక్కడ ఆగవు. రాత్రి అయితే నలుగురు కలిసి క్యాబ్ మాట్లాడుకోవడం మామూలుగా జరిగేదే. గన్నవరం వైజాగ్ దారిలోనే ఉండటం వల్ల వెనక్కి వెళ్లిన దూరం ఏమీ ఉండదు. డ్రైవరు నిద్ర మానేసి వచ్చాడేమో కనుక్కున్నాకే ఎక్కండి.

## రోడ్డు, రైలు అనుకుంటే

కారులో ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి ఎన్ని గంటలు?

మధ్యలో ఒక టిఫిన్ ఆగుడు కలిపి ఆరు గంటలు. ఆగకుండా తోలితే ఐదు, ఐదున్నర.

ముఖ్యంగా చూసుకోవలసింది గుండుగొలను దగ్గర. అక్కడి నుంచి నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా నాలుగు వరసల రోడ్డు నేరుగా గోదావరి దాటి దివాన్‌చెరువు దగ్గర కలుస్తుంది. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి ఇదే. పాత దారి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా పోతుంది, సిద్ధాంతం దగ్గర ఒకటి, జొన్నాడ దగ్గర ఒకటి, రెండు గోదావరి వంతెనలు దాటాలి, పైగా 30–40 కిలోమీటర్లు ఎక్కువ. తణుకులో బంధువులు ఉంటేనో, కోనసీమ పచ్చదనం చూడాలనుంటేనో తప్ప ఆ దారి పట్టనక్కర్లేదు. పాత బోర్డులు చూసి అలవాటు కొద్దీ అటు తిప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తర్వాత జగ్గంపేట, అన్నవరం, తుని, యలమంచిలి, అనకాపల్లి. పొట్టిపాడు, కలపర్రు, కృష్ణవరం, వేంపాడు టోల్ గేట్లు తగులుతాయి, ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి. చివరి అరగంట లంకెలపాలెం నుంచి గాజువాక దాకా లారీల మధ్య నెమ్మదిగా సాగుతుంది.

రైల్లో దిగి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి వెళ్లాలంటే ఏ స్టేషన్?

చాలా రైళ్లకి విశాఖపట్నం స్టేషనే. కొన్ని దూరపు రైళ్లు విశాఖపట్నం లోపలికి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి, ఎందుకంటే విశాఖ స్టేషన్‌లోకి వస్తే ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. అలాంటి రైలైతే దువ్వాడలో దిగి గాజువాక మీదుగా విమానాశ్రయానికి రండి. రత్నాచల్ లాంటి పగటి రైలుకి విజయవాడ నుంచి ఆరు గంటలు, వందే భారత్‌కి నాలుగు, నాలుగున్నర.

రాత్రి బస్సు పరవాలేదా?

ఏడెనిమిది గంటలు. తెల్లవారి ఫ్లైట్ ఉన్నవాళ్లకి ఇదే తేలిక, వైజాగ్ బస్సులు గాజువాక, ఎన్ఏడీ మీదుగానే వస్తాయి. ఎక్కేటప్పుడే డ్రైవరుకి చెప్పి ఎయిర్‌పోర్టు దగ్గర దిగండి, కాంప్లెక్స్ దాకా పోయి వెనక్కి రావద్దు.

## భోగాపురానికి మారితే

భోగాపురం ఎయిర్‌పోర్టు వచ్చాక ఈ లెక్కలన్నీ మారతాయా?

మారతాయి. భోగాపురానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. వైజాగ్ ఎయిర్‌పోర్టు బదులుగా జీఎంఆర్ సంస్థ చేపట్టిన ఆ విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. గన్నవరం నుంచి అక్కడికి సూటి దూరం సుమారు 330 కిలోమీటర్లు, అంటే ఇప్పటికంటే 40 ఎక్కువ. గాల్లో పెరిగేది ఐదు నిమిషాల లోపే.

తేడా నేల మీద తెలుస్తుంది. భోగాపురం వైజాగ్ నుంచి 45 కిలోమీటర్ల పైన, శ్రీకాకుళం దారిలో. ఊళ్లో ఇల్లున్నవాళ్లకి దిగాక కనీసం గంట ప్రయాణం, గాజువాక వాళ్లకి గంటన్నర. వందే భారత్ మీద ఫ్లైట్‌కి ఉన్న ఆ కొద్ది ఆధిక్యం కూడా వాళ్ల విషయంలో పోతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి మాత్రం విమానాశ్రయం దగ్గరికి వచ్చినట్టే, వైజాగ్ ట్రాఫిక్ బాధ తప్పుతుంది.

కారులో వెళ్లేవాళ్లు అనకాపల్లి దగ్గర సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం బైపాస్ పట్టుకుంటే ఊరు తగలకుండా భోగాపురం చేరవచ్చు. గన్నవరం నుంచి మొత్తం 370–380 కిలోమీటర్లు. మారే సమయంలో టికెట్ కొనేవాళ్లు విమానం ఎక్కడ దిగుతుందో, ఎక్కడ ఎక్కాలో పేరు చదివి మరీ చూసుకోండి. ‘విశాఖపట్నం’ అన్న ఒక్క మాట చూసి ఎన్ఏడీ వైపు బయలుదేరితే, తప్పు తెలిసేసరికి కౌంటర్ మూసేసి ఉంటారు.